ఏడో టవరు కింద కునుకు

"ఈ గాలిమర వల్ల ఏ ఒక్కరికీ ఒక్క కునుకు కూడా తగ్గదు. తగ్గిందని ఎవరైనా రుజువు చేస్తే, ఈ టవరుని నా రెండు చేతులతో పీకి పారేస్తాను" అని పవన విద్యుత్ శాఖ మంత్రిగారు ఏడో నంబరు టవరు ప్రారంభోత్సవంలో ప్రకటించారు.

టవరు ఎత్తు ఎనభై మీటర్లు. మంత్రిగారి చేతులు నేను దగ్గర్నుంచి చూశాను. రిబ్బను కత్తిరించడానికి కత్తెర ఎత్తినప్పుడే ఇద్దరు కార్యకర్తలు ఆ చేతికి సాయం పట్టారు. అలాంటి చేతుల్ని నమ్ముకుని అంత మాట అన్నారంటే ఆయన గుండె ఎంత గట్టిదై ఉండాలి. నాకు ఒళ్లు పులకరించింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

నేనెవరో చెప్పలేదు కదూ. పవన విద్యుత్ శాఖ ఆఫీసరుగారి కార్యాలయానికి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నాది. ప్రభుత్వం చేసే ప్రతి మంచి పనీ నా మిషను మీదుగానే బయటికెళ్తుంది. అది వద్దని జనం పెట్టుకునే అర్జీలు కూడా నా మిషను మీదుగానే లోపలికెళ్తాయి. గాజు మీద బోర్లా పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే నాకు ఎవరిమీదా కోపం లేదు.

ఆ ఏడో టవరుకి సరిగ్గా రెండువందల నలభై మీటర్ల దూరంలో మా అక్క ఇల్లుంది. అక్క బట్టలు కుడుతుంది. బావ ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. టవరు తిరగడం మొదలైన పదో రోజున బావ దిండు చంకలో పెట్టుకుని నా షాపుకొచ్చేశాడు. ఎవరో పెద్ద దుప్పటి దులుపుతున్నట్టుందట ఆ చప్పుడు. దులపడమే తప్ప మడతపెట్టడం లేదట. ముప్పై ఏళ్లు ఇంజను పక్కన కూర్చున్నవాడివి, నీకేంటి బావా అన్నాను. "ఇంజనైతే స్టాపులో ఆగుతుందిరా" అన్నాడు. ఆ రోజు నుంచి వెనక గదిలో కాగితాల కట్టల మధ్యే ఆయన పడక.

అక్క మాత్రం రాలేదు. కుట్టుమిషనూ, జనం ఇచ్చిన బట్టలూ ఆ ఇంట్లోనే ఉన్నాయి. పైగా అది తను కుట్టి కుట్టి కట్టుకున్న ఇల్లు. ఇరవై ఏళ్లలో అక్క కుట్టు ఒక్కసారి కూడా వంకర పోలేదు. అలాంటిది, లెక్కల మాస్టారి చొక్కాకి రెండూ ఎడమచేతి చేతులే వేసింది. ఆయన మంచివాడు కాబట్టి వారం రోజులు అదే తొడుక్కుని పాఠం చెప్పాడు. పెళ్లికూతురి జాకెట్టుకి మెడ తెరవడం మర్చిపోయినప్పుడు మాత్రం అవతలివాళ్లు ఊరుకోలేదు. బట్టలు తెచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు.

"నిద్ర లేకపోతే చేతిలో పని పోతుందిరా తమ్ముడూ. పని పోయాక ఈ ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అని అక్క నా ముందే కళ్లు తుడుచుకుంది. నాకూ బాధేసింది. మంత్రిగారు మాటిచ్చారు కదా, భయమెందుకు అని ధైర్యం చెప్పి అర్జీ రాయించాను.

ఆఫీసరుగారు అర్జీని రెండు చేతులా అందుకున్నారు. ఆయన ఏ అర్జీనైనా అలాగే అందుకుంటారు. ఒక చేత్తో తీసుకుంటే రెండో చేత్తో పారేస్తారేమోనని జనం అనుమానపడతారట. వారం తిరక్కుండా ఆయనే స్వయంగా శబ్దం కొలిచే మీటరు పట్టుకుని అక్క ఇంటికొచ్చారు.

ఆ రోజు మంచి గాలి. టవరు రెక్కలు గిర్రున తిరుగుతున్నాయి. కిటికీ అద్దాలు టకటకమంటున్నాయి. ఇక దొరికిపోయిందని అక్క సంబరపడింది. ఆఫీసరుగారు మీటరుతో వచ్చిన పుస్తకం తెరిచి చదివారు. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మీటరు వాడకూడదట, గాలి చప్పుడు కూడా కలిసి లెక్క తప్పుతుందట. అన్యాయంగా టవరు మీద నింద పడటం ఆయనకిష్టం లేదు. మీటరు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

గాలి లేని రోజు చూసుకుని మళ్లీ వచ్చారు. టవరు నిటారుగా నిలబడి ఉంది. ఈసారి మీటరు నిక్షేపంలా పనిచేసింది. గంటసేపు కొలిస్తే అన్నిటికంటే ఎక్కువ చప్పుడు అక్క కుట్టుమిషనుదని తేలింది. శబ్ద కాలుష్యం కింద అక్కకి నోటీసిచ్చారు. దాని కాపీలు నా దగ్గరే తీయించారు. చాలా స్పష్టంగా వచ్చాయి.

"గాలి ఉంటే కొలవరు, లేకపోతే అది తిరగదు. మరి ఎప్పుడు కొలుస్తారు సార్?" అని అడిగింది అక్క.

"నిబంధనలు అనుమతించినప్పుడమ్మా" అన్నారాయన ఎంతో మర్యాదగా.

ఆ తర్వాత ఒకరోజు కాపీలు తీస్తుంటే నా కంట్లో ఒక నిబంధన పడింది. టవరుకి మూడువందల మీటర్లలోపు నివాస గృహం ఉండకూడదు. ఉంటే టవరు తీసెయ్యాలి. అక్కనీ ఆ పేజీనీ వెంటబెట్టుకుని పరుగున వెళ్లాను. ఆఫీసరుగారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఇంత మంచి నిబంధన ఉందని తనకే తెలియదని మెచ్చుకున్నారు. తర్వాత పేజీ తిప్పారు.

"నివాస గృహం అంటే మనుషులు నిద్రించే కట్టడం అని ఇక్కడుంది. మీ అర్జీలో ఏం రాశారమ్మా?"

"టవరు తిరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని రాశాను సార్."

"మరి మీవారు?"

అక్క నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "నా షాపులో పడుకుంటున్నారు సార్, పాపం."

ఆయన నాకు కృతజ్ఞతలు చెప్పి ఆ మాట రాసుకున్నారు. ఎవరూ నిద్రపోని కట్టడం నివాస గృహం కాదని తేల్చి, కుట్టుమిషను ఉంచుకునే షెడ్డుగా దాన్ని నమోదు చేశారు. నా ఒక్క మాటతో ఒక ఫైలు అంత చురుగ్గా కదలడం నేనెన్నడూ చూడలేదు. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అప్పుడు రంగంలోకి దిగారు గాలిమర వ్యతిరేక పోరాట కమిటీ అధ్యక్షుడుగారు. ఆయన కంకర కాంట్రాక్టరు. టవర్ల దాకా దారి వేసింది ఆయన కంకరతోనే. ఆ దారి మీదే ఊరేగింపు నడిపించి, టవర్లు డౌన్ డౌన్ అని అరిపించారు. తను వేసిన రోడ్డు ఇంతమంది బరువు మోస్తుందని ఆయనకున్న నమ్మకం చూసి ముచ్చటేసింది. దమ్ముంటే మంత్రిగారు ఒక్క రాత్రి ఆ ఇంట్లో పడుకోవాలి, లేకపోతే ఆమరణ దీక్షే అని మైకులో సవాలు విసిరారు. దీక్షకి టెంటు కట్టకముందే మంత్రిగారు ఒప్పుకున్నారు.

మంత్రిగారు పడుకోవడం అంటే మాటలు కాదు. పరుపొచ్చింది, ఏసీ వచ్చింది, ఏసీకి జనరేటరు వచ్చింది. చివరికి భద్రతాధికారి వచ్చి పైకి చూసి, తిరిగే రెక్క ఊడి మంత్రిగారి మీద పడితే బాధ్యత ఎవరిదని అడిగారు. ఆఫీసరుగారు ఆ ఒక్క రాత్రికి టవరు ఆపించారు. జనరేటరుని పక్క వీధిలో పెట్టించారు.

తెల్లారి ఎనిమిదింటికి మంత్రిగారు ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, చంటిపిల్లాడిలా నిద్రపోయానని విలేకరులకి చెప్పారు. వంటగదిలో చాప మీద పడుకున్న అక్కని లేపడానికి ఇద్దరు మహిళా పోలీసులు కావలసి వచ్చారు. కెమెరాల ముందు మంత్రిగారు అక్క భుజం మీద చెయ్యి వేసి, నిద్ర పట్టిందా అమ్మా అని అడిగారు.

"పట్టింది బాబూ. ఎనిమిది నెలలైంది ఇలా పడుకుని. మీరొచ్చారని దాన్ని ఆపారు. మీరు రోజూ రండి" అంది అక్క.

మర్నాడు అన్ని పేపర్లలోనూ అక్క ఫోటో వచ్చింది. 'రోజూ రండి: మంత్రిగారిని వేడుకున్న గృహిణి' అని పైన పెద్దక్షరాలు. అది చూసి చుట్టుపక్కల టవర్లున్న ముప్పై ఒక్క ఊళ్లవాళ్లు, మంత్రిగారు మా ఊళ్లోనూ పడుకోవాలని అర్జీలు పెట్టారు. ప్రజల్లో ఒక నాయకుడి నిద్రకి ఇంత గిరాకీ నేనెరగను. పాపం, ఆయనకున్నది ఒక్క శరీరం.

అక్క మాత్రం ఆ పేపరు కత్తిరించి దాచుకుని, సోమవారం పొద్దున్నే ఆఫీసరుగారి బల్ల మీద పెట్టింది. "ఆ ఇంట్లో నేను నిద్రపోయాను, మంత్రిగారు కూడా నిద్రపోయారు, నలుగురికీ తెలిసిన విషయం. కాబట్టి అది నివాస గృహమే. మూడువందల మీటర్ల నిబంధన ప్రకారం టవరు తీసెయ్యండి" అంది. ఆఫీసరుగారు ఆ పేపరు ముక్కని రెండుసార్లు చదివారు. తర్వాత ఆయన ముఖం మెల్లగా వికసించింది.

"మంత్రిగారు అక్కడికి ఏ పని మీద వచ్చారమ్మా?"

"అధికారిక పర్యటన అని మీరే బోర్డు పెట్టారు కదండీ."

"అధికారిక పర్యటనలో మంత్రిగారు బస చేసే భవనాన్ని ఏమంటారు?"

అక్కకి తెలియలేదు. నాకు తెలుసు, కానీ ఈసారి నోరు మూసుకున్నాను. ఆఫీసరుగారే చెప్పారు. దాన్ని ప్రభుత్వ అతిథి గృహం అంటారు. ప్రభుత్వ భవనాలకి ఆ మూడువందల మీటర్ల నిబంధన వర్తించదు. సాయంత్రానికల్లా అక్క ఇంటికి నీలం రంగు బోర్డు తగిలించారు.

అతిథి గృహంలో బయటివాళ్లు మూడు రోజులకి మించి ఉండకూడదు. ఆ లెక్కన అక్కని ఖాళీ చేయించాలి. కానీ ఆఫీసరుగారిది వెన్నలాంటి మనసు. అదే ఇంటికి అక్కని రాత్రి కాపలాదారుగా వేశారు. అక్క ఇంట్లోనే ఉండొచ్చు, రాత్రంతా మేలుకుని ఉంటే చాలు.

"మీకెలాగూ నిద్ర పట్టదు కదమ్మా. ఇంత అర్హత ఉన్న మనిషి నాకు ఇంకెక్కడ దొరుకుతారు?" అన్నారు.

కాదంటే ఇల్లు పోతుంది. అక్క ఈలా, టార్చీ తీసుకుంది. యూనిఫాం తనే కుట్టుకుంది. జేబు వీపు మీద వచ్చింది. ఇన్నాళ్లూ ఊరికే మేలుకున్నావు, ఇప్పుడు హోదాతో మేలుకుంటున్నావు అని బావ అనబోయి, అక్క ముఖం చూసి మానేశాడు.

రెండు నెలలు అక్క ఉద్యోగం దివ్యంగా సాగింది. టవరు తిరుగుతూనే ఉంది, అక్క మేలుకునే ఉంది. తర్వాత వర్షాకాలానికి ముందు ఒక వారం గాలి బొత్తిగా పడిపోయింది. ఆకు కదల్లేదు. టవరూ కదల్లేదు. మూడో రాత్రి అక్క వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే నిద్రపోయింది. సరిగ్గా ఆ రాత్రే ఆఫీసరుగారు ఆకస్మిక తనిఖీకి వెళ్లారు. ఫోటో తీయించి, మెమో రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే అక్కని లేపమన్నారు. నిద్రపోయే మనిషిని లేపడం ఆయనకి మనసొప్పలేదట.

అక్కని ఉద్యోగంలోంచి తీసేశారు. ఉద్యోగం లేనివాళ్లు అతిథి గృహంలో ఉండకూడదు కాబట్టి ఇంట్లోంచి కూడా తీసేశారు. కుట్టుమిషను రిక్షాలో వేసుకుని అక్క నా షాపుకొచ్చింది. ఇప్పుడు వెనక గదిలో కాగితాల కట్టలకి ఒక పక్క బావ, ఒక పక్క అక్క. ఆ వారంలోనే ఆఫీసరుగారు అక్క పాత అర్జీకి జవాబిచ్చారు. అర్జీదారు ప్రస్తుతం టవరుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో నివసిస్తున్నందున సమస్య పరిష్కారమైనట్టు భావించి ఫైలు మూసివేయడమైనది.

మొన్న ఆదివారం పక్క ఊళ్లో కొత్త టవరుకి శంకుస్థాపన. అక్కడివాళ్లు మాకు టవరొద్దు, మా నిద్ర పాడుచెయ్యొద్దు అని అట్టలు పట్టుకుని నిలబడ్డారు. నేను వెళ్తుంటే అక్క కూడా వస్తానంది. మంత్రిగారు ఎవరిమీదా విసుక్కోలేదు. చిరునవ్వుతో జేబులోంచి ఒక కాగితం తీశారు. నా షాపు కాపీయేనని ముద్ర చూసి గుర్తుపట్టాను.

"టవరుకి రెండువందల నలభై మీటర్ల దూరంలో, రాత్రి రెండు గంటల పది నిమిషాలకి, మేలుకుని ఉండటమే ఉద్యోగమైన మనిషి కూడా గాఢనిద్రలో ఉన్నట్టు ప్రభుత్వ అధికారి కళ్లారా చూసి రాసిన కాగితమిది. ఆపుకుందామన్నా ఆగని నిద్ర. ఇంకేం రుజువు కావాలి మీకు?" అన్నారు.

అట్టలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. ముందు వరసలో పోరాట కమిటీ అధ్యక్షుడుగారు చప్పట్లు మొదలుపెట్టారు. మంచి పాయింటు కావడంతో నా చేతులు కూడా వాటంతటవే లేచాయి.

అక్క నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "ఆ రాత్రి గాలి లేదని అందులో రాయలేదట్రా తమ్ముడూ?" అని అడిగింది.

ఆ మెమో ఫారం నాకు కంఠతా వచ్చు. ఎన్ని వేల కాపీలు తీసి ఉంటానో.

"అందులో గాలికి గడి లేదక్కా" అన్నాను.