గాలి వచ్చే గోడ

ఆ రోజు పెయింటరుగారి పథకం చాలా చిన్నది. కూతురు పనికి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేలోపు ఆమె అద్దెగదిలో ఒక గోడకు రంగు వేసి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చోవాలి. ఖర్చు కూడా లేదు. ముప్ఫై ఏళ్ళు నాటకాలకు వెనకతెరలు వేసిన మనిషి ఇంట్లో అడుగంటిన రంగుడబ్బాలకు కొదవేముంది? నాటకాలవాళ్ళు తెరలు మానేసి లైట్లతోనే అడవులూ కోటలూ చూపించడం మొదలుపెట్టాక ఆ డబ్బాలూ ఆయనా ఇంట్లో ఒకే మూల కూర్చుని ఉన్నారు.

అమ్మాయి కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీస్తుంది. షాపుకు దగ్గరలో గది కోసం నాలుగు నెలలు కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగితే దొరికింది ఈ మూడో అంతస్తు గది. ఒక మూల గ్యాసుపొయ్యి, ఒక తలుపు, ఒక ట్యూబులైటు. కిటికీ లేదు. పెట్టించమని ఆమె మూడుసార్లు అడిగింది. మోకాళ్ళ నొప్పులతో రెండేళ్ళుగా మెట్లెక్కని ఓనరుగారు కింద వాలుకుర్చీలోంచే మూడుసార్లూ కుదరదన్నారు. పైగా ఒక షరతు పెట్టారు. గోడలకు లేతరంగు వేసుకోవచ్చు గానీ, ఒక్క మేకు దిగినా ఆ పూటే ఖాళీ చెయ్యాలి.

"నా ఇల్లు నేనే సర్దుకుంటా నాన్నా. నువ్వు వచ్చి భోంచేసి వెళ్ళు, చాలు" అంది అమ్మాయి.

"ఒక్క గోడ నాకొదిలెయ్యమ్మా. లేత నీలం వేసి వచ్చేస్తా."

"లేత నీలమేగా?"

"లేత నీలమే."

మాట తప్పే ఉద్దేశం ఆయనకు నిజంగా లేదు. పదింటికల్లా గోడ మధ్యలో మనిషెత్తున లేత నీలం వేసేశాడు కూడా. వేసి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే అది ఆకాశంలా ఉంది. పొద్దస్తమానం లైటు కింద కళ్ళు చిట్లించి పనిచేసే పిల్ల ఇంటికొచ్చి మళ్ళీ ట్యూబులైటునే చూడాలంటే ఆయనకు చాలా బాధగా ఉండేది. కాస్త ఆకాశం చూస్తే తప్పేముంది అనుకున్నాడు. ఆకాశమంటూ ఉన్నాక దాన్ని దేనిలోంచో చూడాలి కనుక చుట్టూ చెక్క చట్రం వచ్చింది. చట్రానికి రెండు రెక్కలు వచ్చాయి, అవి తెరుచుకున్నాయి. ఆకాశం కింద ఖాళీగా వదిలేయడం మర్యాద కాదు కనుక ఒక నది వచ్చింది. ఎక్కడికీ తొందర లేని నది. అవతలి ఒడ్డున మంచులో సగం కరిగిన చెట్లు, వాటి మధ్యకు పోయే సన్నటి దారి. ఇవతల గడ్డి కొద్దిగా పక్కకు ఒరిగింది, గాలికి. ఆయన ఆకలి సంగతే మరిచిపోయాడు. పని అయ్యాక ట్యూబులైటు ఆర్పి, రంగు ఆరడానికి తలుపు బార్లా తెరిచి, నది ఎదురుగా కుర్చీ వేసుకుని అలాగే నిద్రలోకి జారుకున్నాడు.

పక్క వాటాలో ఉండే టైలరమ్మ చేతినిండా బట్టలతో పోతూ తెరిచిన తలుపులోంచి ఓరగా చూసింది. కిటికీ రెక్కలూ, వాటి మధ్య ధగధగలాడే వెలుతురూ కనిపించాయి. ఆ గోడకు అటువైపు తన ఇల్లు. ఆ గోడకే ఆనించి తన బీరువా ఉంది. ఆమె ఉన్నపళంగా కిందికి దిగింది.

"గోడ పగలగొట్టి కిటికీ పెట్టేశారండీ. రెక్కలు కూడా తెరిచారు" అంది ఓనరుగారితో.

"చప్పుడేం వినబడలేదే?"

"నాకూ వినబడలేదు. చెయ్యి తిరిగినవాళ్ళలా ఉన్నారు. అసలు నా బీరువా వెనకాల అంత వెలుతురుందని ఇన్నాళ్ళూ నాకే తెలీదు."

ఓనరుగారు సగమే నమ్మారు. నమ్మకం కుదరక అమ్మాయికి ఫోన్ చేశారు. అమ్మాయి వెంటనే తండ్రికి చేసింది. ఆ ఫోన్ నేలమీద పరిచిన పాత పేపర్ల కింద ఎక్కడో మోగి మోగి ఊరుకుంది. వెనకటికి వంటింట్లో చిన్న అల్మరా అడిగితే ఏకంగా వంటిల్లునే పక్కకు జరిపిన మనిషి ఆయన. కిటికీ పెట్టడం ఆయనకో లెక్కా? అమ్మాయి మళ్ళీ ఓనరుగారికే ఫోన్ చేసింది.

"తప్పైపోయిందండీ. సాయంత్రానికల్లా మూయించేస్తాను" అంది ఓనరుగారితో.

"మూయించడం నేను చూసుకుంటా. మీరు ఖాళీ చెయ్యడం చూసుకోండి" అన్నారాయన. ఇప్పుడు పూర్తిగా నమ్మారు.

అరగంటలో తాపీమేస్త్రి తట్టెడు ఇటుకలతో వచ్చాడు. ఓనరుగారు రెండేళ్ళ తర్వాత మొదటిసారి మెట్లెక్కారు, అంతస్తుకోసారి కూర్చుంటూ. కిటికీ మూసేదాకా అడ్డం పెట్టడానికి టైలరమ్మ ఒక దుప్పటి పట్టుకొచ్చింది. ముగ్గురూ గుమ్మంలోకి వచ్చి ఆగిపోయారు. మసక చీకట్లో కిటికీ తెరిచి ఉంది. అవతల నది మెల్లగా పోతోంది. కుర్చీలో ఒక పెద్దమనిషి హాయిగా నిద్రపోతున్నాడు. ఎవరికీ గట్టిగా మాట్లాడాలనిపించలేదు.

ఓనరుగారు స్టూలుమీద కూలబడి మెడ తుడుచుకున్నారు. "ఏమాటకామాటే చెప్పుకోవాలి. గాలి మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది."

"మరి నా బీరువా ఏదండీ?" అంది టైలరమ్మ నదిలోకి చూస్తూ.

మేస్త్రి టేపు తీసి చట్రం కొలిచాడు. ఇటుకలు లెక్కేశాడు. గోడ మందమెంతో చూద్దామని తల బయటకు పెట్టబోయాడు. టంగుమని చప్పుడైంది.

ఆ చప్పుడుకు పెయింటరుగారు కళ్ళు తెరిచాడు. "కాస్త ముట్టుకోకండి బాబూ, ఇంకా తడి ఆరలేదు" అన్నాడు.

మేస్త్రి నుదుటిమీద బెత్తెడు ఆకాశం అంటుకుని ఉంది. సరిగ్గా అప్పుడే అమ్మాయి రొప్పుతూ లోపలికొచ్చింది. దారి పొడవునా వల్లెవేసుకున్న క్షమాపణలు ఆమె నోట్లోనే ఉండిపోయాయి. మెల్లగా నది దగ్గరకు నడిచింది.

"ఆ దారి ఎటు పోతుంది నాన్నా?"

"సెలవున్న రోజు చూసుకుందువుగానిలే. ముందు ఓనరుగారికి మంచినీళ్ళివ్వు."

మంచినీళ్ళు నిజంగానే కావలసివచ్చాయి. కిటికీ లేదని తెలిసిన క్షణం నుంచీ ఓనరుగారికి ఉక్కపోత మొదలైంది. చొక్కా తడిసిపోతోంది.

"ఈ ఉక్కలో ఎలా ఉంటున్నావమ్మా నువ్వు?"

"మూడుసార్లు చెప్పానండీ."

"చెబితే ఏం తెలుస్తుంది? వచ్చి కూర్చుంటేగా తెలిసేది" అని ఆయన తనమీద తానే విసుక్కున్నారు. ఖాళీ చెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

"అయ్యా, మూడంతస్తులు మోసుకొచ్చాను. మూయడానికి ఇక్కడేం లేదు. తెరవడానికైనా ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు మేస్త్రి.

ఓనరుగారు చుట్టూ చూసి సందువైపు గోడ చూపించారు. "అక్కడ కొట్టు."

మూడో రోజుకు అసలు కిటికీ వచ్చింది. తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క మేడ వెనకగోడ, నిలువునా తడిమరక, కారుతున్న ఒక పైపు. గాలి మాత్రం వచ్చింది. ఆ మాట విని పెయింటరుగారు సంతోషపడ్డాడు, ఆ వెంటనే ఆయన మనసు చిన్నబోయింది. నిజం కిటికీ ఉన్న ఇంట్లో బొమ్మ కిటికీ ఉంటే నలుగురూ నవ్వరూ? పిల్ల మొహమాటపడి చెప్పలేక చస్తుందేమోనని, ఆదివారం తనే తెల్లరంగు డబ్బా పట్టుకుని వచ్చాడు.

గదిలో ఓనరుగారు నది ఎదురుగా కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడుతున్నారు. టైలరమ్మ ఒక దళసరి తెర అంచు కుడుతోంది. అమ్మాయి స్టూలెక్కి అసలు కిటికీ కొలతలు తీసుకుంటోంది.

"అదెందుకమ్మా?"

"నదివైపు చూస్తుంటే పక్కనుంచి ఆ పైపు కనబడుతోంది నాన్నా. ఆ డబ్బా కింద పెట్టు, నాకు నది కావాలి."

ఆయన డబ్బా కింద పెట్టాడు.

ఇప్పుడా ఇంట్లో అసలు కిటికీ ఎప్పుడూ తెరచాటునే ఉంటుంది. మరీ గాలి కావలసివస్తే తెర కాస్త పక్కకు జరుపుతారు.