అసిరమ్మ ఇంటి మంచినీళ్లు

ఆ ఉదయం అసిరమ్మ అనుకున్నది చిన్న పనే. ఎండ ముదరకముందే రెండు బిందెల నీళ్లు తెచ్చుకుని, గోల్ బజారుకు వెళ్లి శొంఠీ వామూ నువ్వులనూనే కొనుక్కురావాలి. కూతురు చిన్నమ్మికి ఆరో నెల. తొమ్మిదో నెలలో అత్తవారి ఊరు కోటా నుంచి పురిటికి వస్తుంది. పురిటింటికి కావలసినవన్నీ గోల్ బజారులో దొరుకుతాయి, ఒక్క నీళ్లు తప్ప.

బిలాసపూరు లోకోషెడ్డు వెనక, రైల్వే హద్దు దాటగానే ఉన్న ఆ తెలుగు వీధిలో కొళాయి లేక కాదు. నీళ్ల కమిటీవారు కొళాయి పాతి రెండేళ్లయింది. గొట్టం కలపడం మాత్రం మరిచిపోయారు. ప్రస్తుతం దానికి ఎవరిదో మేకను కట్టేస్తున్నారు. నీళ్లు కావాలంటే పట్టాలు దాటి అరమైలు దూరాన ఉన్న బావికి పోవాలి. గూడ్సుబండి అడ్డం నిలిస్తే పెట్టెల కిందనుంచి దూరాలి. నిండు చూలాలు అలా దూరవలసివస్తే అన్న ఆలోచన రాగానే అసిరమ్మ గుండెల్లో రాయి పడేది. ఆమె మొగుడు ఎర్రయ్య షెడ్డులో ఫిట్టరు. కొళాయి కోసం అతను అప్పటికి నాలుగు అర్జీలు రాయించాడు.

రెండో బిందె దించేసరికి కమిటీ ఓవర్సీరు బంగార్రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అది 1938. మంత్రులనేవాళ్లు అప్పుడప్పుడే కొత్తగా వచ్చారు. ఎర్రయ్య అర్జీ ఒకటి ఎలాగో రాజధాని నాగపూరులోని శాసనసభ దాకా పోయి, ఆ వీధి కొళాయిలో నీళ్లు వస్తున్నాయా అని ఒక సభ్యుడి నోట ప్రశ్న అయింది. జవాబు చెప్పవలసిన మంత్రి విచారించమన్నాడు. ఆ ఉత్తర్వు ఒక్కొక్క మెట్టే దిగి బంగార్రాజు నెత్తిన పడింది. సైకిలు తొక్కి తొక్కి అతను చెమటలు కక్కుతున్నాడు.

అసిరమ్మ ఇంట ఎవరొచ్చినా ముందు నీళ్లు, తరువాతే మాట. చెంబు అందించింది.

"ఏటమ్మా, ఇంత తియ్యగున్నాయి," అన్నాడు బంగార్రాజు సగం తాగి. "మీకు నీళ్లకి ఇబ్బందేటైనా ఉందా?"

తాగుతున్న మనిషితో ఆ నీళ్లెంత కష్టపడి తెచ్చామో చెబితే ఇచ్చిన చెంబు లాక్కున్నట్టే. "మీ దయవల్ల గడిచిపోతంది బాబూ," అంది. తాగడం అయ్యాక కొళాయి సంగతి ఎత్తుదామనుకుంది. బంగార్రాజు చెంబు దించి, "అచ్ఛా" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

వారం తిరిగేసరికి ఎర్రయ్య ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. షెడ్డులో ఎవరో హిందీ పత్రిక చదివి వినిపించారట. ఆ వీధి నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయనీ, ఉద్యోగి స్వయంగా తాగి చూశాడనీ, ఇబ్బందేమీ లేదని ఇంటివారే చెప్పారనీ మంత్రిగారు సభలో జవాబిచ్చారు.

"ఆ ఇంటోరెవరే?" అన్నాడు ఎర్రయ్య.

"నానే. ఇంటికొచ్చినోడికి నీళ్లిచ్చినాను. అదీ తప్పేనేటి?"

"నా నాలుగర్జీలూ నీ సెంబుడు నీళ్లలో ములిగిపోనాయి."

అంతటితో ఆగినా బాగుండేది. ప్రశ్న వేసిన సభ్యుడు ఊరుకోక, ఆ నీళ్లు మంత్రిగారు తాగగలరా అని మళ్లీ లేచాడు. వేసవి పర్యటనలో ఆ ఇంట్లోనే తాగుతానని మంత్రి మాటిచ్చేశాడు. దానితో కమిటీ వారికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. అధ్యక్షుడు వచ్చి చెంబుడు తాగాడు. డాక్టరు వచ్చి చెంబుడు తాగి, సీసాలో మరికాసిని పట్టుకెళ్లాడు. ఈసారి అసిరమ్మ వదిలిపెట్టలేదు. చెంబు ఖాళీ కాగానే ప్రతివాడినీ వీధి చివరికి తీసుకెళ్లి కొళాయికి కట్టిన మేకను చూపించింది. తాము తాగింది బావినీళ్లని విని వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"అచ్ఛా, నువ్వన్నది నిజమే అమ్మా," అన్నాడు వెంట వచ్చిన బంగార్రాజు. "గాని మంత్రిగారు నీళ్లున్నాయని సభలో సెప్పేసినారు. ఇప్పుడు నీళ్లు నేవని రాస్తే ఆరి మాట అబద్ధమైపోదా?"

"రాయకపోతే నిజమైపోద్దేటి?" అంది అసిరమ్మ.

తాగినవాళ్లంతా తియ్యగా ఉన్నాయనే రాశారు. ఆ కబురు పాకి మంగ్లా పల్లె నుంచి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రాసాగారు. వాళ్లనూ ఉత్తినే పంపలేక అసిరమ్మ తలా ఒక చెంబు ఇచ్చింది. రోజుకు రెండు బిందెలు కాస్తా ఆరయ్యాయి.

ఎండలు మండిపోతుండగా మంత్రి వస్తున్నాడన్నారు. అప్పటికి చిన్నమ్మి పురిటికి వచ్చేసింది. బంగార్రాజు పెద్ద కొత్తకుండ తెచ్చి, పొద్దున్నే నింపి ఉంచమని అసిరమ్మను బతిమాలాడు. "ఒక్క పూటమ్మా. నా ఉద్యోగం నీ సేతిలో ఉంది," అన్నాడు. అసిరమ్మకు జాలేసి సరేనంది.

మంత్రి వచ్చేనాడు తెల్లవారాక ఆమె మొదటి బిందెతో బావి నుంచి వస్తుంటే గూడ్సుబండి అడ్డం నిలిచి ఉంది. దూరుదామని వంగి చూసేసరికి, అవతలివైపు నుంచి చిన్నమ్మి బిందె పట్టుకుని, ఆ కడుపుతో, పెట్టె కిందకు దూరుతోంది. అసిరమ్మ తన బిందె అక్కడే పారేసి, పట్టాల మీద పాకుతూ వెళ్లి కూతురిని అవతలికి నెట్టి, తానూ బయటపడింది. ఇద్దరూ సరిగా లేచి నిలబడనైనా లేదు, బండి కదిలింది.

"మంత్రిగారికి నీళ్లు సాలవేమోనని ఒచ్చినానమ్మా," అంది చిన్నమ్మి.

అసిరమ్మ కూతురిని ఇంటికి నడిపించుకొచ్చింది. ఇంట్లో మిగిలిన చెంబుడు నీళ్లు కూతురి చేత తాగించి, కొత్తకుండను గుమ్మంలో బోర్లించింది.

మంత్రి మంచివాడే. నవ్వుతూ అరుగు మీద కూర్చుని, మీ తియ్యటి నీళ్లు ఇప్పించమ్మా అని హిందీలో అడిగాడు. బంగార్రాజు తర్జుమా చేయడానికి ముందుకొచ్చాడు. మధ్యలో ఎవరూ మార్చి చెప్పే అవకాశం లేకుండా, అసిరమ్మ తనకొచ్చిన బజారు హిందీలోనే జవాబిచ్చింది.

"పానీ నహీ హై, సాహెబ్."

గుమ్మంలోకి వచ్చిన మనిషితో నీళ్లు లేవనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అన్నాక ఏడుపు ఆగలేదు. ఎర్రయ్య తల వంచుకున్నాడు. మంత్రి, గుమ్మంలో బోర్లించి ఉన్న కుండను చూసి, కొళాయి ఎక్కడుందని అడిగి, వీధి చివరికి నడిచాడు. మేకను తప్పించి కొళాయి తిప్పాడు. అది గాలి కూడా విడవలేదు. ఆ ఎండలో దాహంతోనే వెళ్లి రైలెక్కాడు.

మర్నాడే గొట్టాల బండి వచ్చింది. ఎనిమిదో నాటికి కొళాయిలో నీళ్లు పడ్డాయి. పదో నాడు చిన్నమ్మికి ఆడపిల్ల పుట్టింది. వేడినీళ్లు కాచడానికి అసిరమ్మ వీధి దాటలేదు.

తరువాతి సమావేశంలో మంత్రి లేచి, లోగడ తానిచ్చిన జవాబు తప్పని ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆధారమేమిటని ఎవరో అడిగారు. "బిలాసపూరులో ఎర్రయ్య అనే ఫిట్టరు ఇంట నేను మంచినీళ్లడిగితే ఇవ్వలేదు," అన్నాడు మంత్రి. అది సభ పుస్తకంలో అచ్చయింది. పత్రికల్లో పడి, విజయనగరం వైపు చుట్టాల దాకా పోయింది. ఇంటికొచ్చిన మంత్రికి మంచినీళ్లయినా ఇవ్వని ఇల్లని అక్కడ పెళ్లిళ్లలో చెప్పుకుంటున్నారట.

అసిరమ్మ రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆమె పోరు పడలేక ఎర్రయ్య ఐదో అర్జీ రాయించాడు. తమది ఎవరినీ నీళ్లివ్వకుండా పంపిన వంశం కాదనీ, ఆ వాక్యం పుస్తకంలోంచి కొట్టివేయించవలసిందనీ. అర్జీ నాగపూరు వెళ్లి, విచారణ కోసం దిగి దిగి కమిటీకే చేరింది. నెల తిరక్కుండా జవాబొచ్చింది. మంత్రిగారికి నీళ్లివ్వని మాట వాస్తవమేనని విచారణలో తేలినందున, సవరణకు వీలులేదు.

కమిటీ విచారణలో నిజం తేలడం అదే మొదటిసారి.