పునాది లేని ఓడ

మనిషి పడుకోవడానికి, వండుకోవడానికి, స్నానం చెయ్యడానికి వీలున్న ప్రతి కట్టడమూ ఇల్లేనని కట్టడాల ప్రగతి నమోదు కార్యాలయం ఏనాడో తేల్చి చెప్పింది. (ఆసుపత్రి వరండా దీని కిందికి రాదు. అక్కడ స్నానానికి వీలు లేదు.) కాబట్టి తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్ళే రోడ్డు పక్కన, అగ్గిపెట్టెల కంపెనీ యజమాని బాలచందర్ తన పాత గోదాములో కట్టిస్తున్న మోటారు ఓడ కూడా ఇల్లే. సముద్రాలు దాటడానికి కట్టిస్తున్నానని ఆయన రాసి ఇచ్చిన కాగితాన్ని "ఇతర వివరాలు" అన్న ఫైలులో భద్రపరిచారు.

ఆ ఓడ లోపలి పనంతా కోవిల్‌పట్టి వడ్రంగి రామసుబ్బుది. మూడు పడకగదులు, హాలు, వంటిల్లు, పైన చుక్కాని గది. మూడేళ్ళ పని. కెరటానికి ఓడ ఒరిగినా గ్లాసులు జారిపడకుండా బల్లల అంచులకు గట్లు పెట్టాడు. సొరుగులు వాటంతటవే తెరుచుకోకుండా ఒక్కోదానికీ కొక్కెం బిగించాడు. ఓడ తూత్తుక్కుడి రేవులో నీళ్ళకు దిగిన రోజు లోపల నిలబడి, ఒక్క సొరుగూ కదలకపోవడం కళ్ళారా చూడాలని అతని ఆశ.

అయితే రేవుకు పోవడానికి ఓడ రోడ్డెక్కాలంటే నూరు శాతం పూర్తయినట్టు ధ్రువపత్రం కావాలి. సగం కట్టిన ఇల్లు రోడ్డు మీద పోకూడదని నిబంధన. (పూర్తిగా కట్టిన ఇల్లు పోవచ్చా అని ఎవరూ అడగలేదు.) ప్లాను చుట్ట చంకలో పెట్టుకుని రామసుబ్బు విరుదునగర్ ఆఫీసుకు వెళ్ళాడు. నమోదు అధికారి సరవణకుమార్‌తో అరవంలో మాట్లాడుతూ, మధ్యలో చుట్ట జారి పడితే "అయ్యో దేవుడా" అన్నాడు.

అధికారి మొహం విప్పారింది. "మీరు మనోళ్ళా? మా ఇంట్లోనూ తెలుగే దాన్. కూర్చోండన్నా."

అటు తర్వాత కాదన్నవన్నీ మాతృభాషలోనే కాదన్నాడు.

"మా ఆఫీసు యాప్‌లో మొదటి మెట్టు పునాది. ఆ ఫొటో యాడ?"

"కప్పల్‌కి, అదే ఓడకి, పునాది ఉండదు సార్. నీళ్ళలో పోతాది."

"పోయేది అప్పురం, తర్వాత సంగతి. పునాది పడకుంటే గోడల మెట్టు తెరుచుకోదు. గోడలు లేకుంటే లోపలి పని తెరుచుకోదు. ఇప్పటికి మీరు చేసిన పని ఎంత తెలుసునా? సున్నా."

తిరుగు బస్సులో సీటు దొరికినా రామసుబ్బుకు కూర్చోబుద్ధి కాలేదు.

"ఒక ఫొటోకే దానే, పునాది పోసేద్దాం," అన్నాడు బాలచందర్. ఓడ అడుగు చుట్టూ మూడడుగుల ఎత్తున కాంక్రీటు పోశారు. ఫొటో ఎక్కింది, గోడలు తెరుచుకున్నాయి. కప్పు ఉన్న ప్రతి ఇంటికీ వాననీటి గుంత తప్పనిసరి గనక, ఓడ పైనుంచి గొట్టం దించి నేలలో గుంత తవ్వారు. (సముద్రంలో ఓడకు నీటి ఎద్దడి రాకూడదని నిబంధన రాసినవారి ముందుచూపు.) చుక్కాని గది దగ్గర మాత్రం యాప్ మొండికేసింది. జాబితాలో అలాంటి గది లేదు.

"దాంట్లో ఏముండాది?" అన్నాడు సరవణకుమార్.

"చక్రం సార్. పెద్దది."

"చక్రమా? అయితే పూజగది అని పెట్టండి."

ఏడో నెలలో నూరు శాతం వచ్చింది. రామసుబ్బు ఆఫీసంతా వేరుశనగపప్పుల కడలైమిఠాయి పంచి, "ఇంక పునాది పగలగొట్టి ఓడని ఎత్తుకుపోతాం సార్," అన్నాడు.

మిఠాయి నములుతున్న సరవణకుమార్ ఆగాడు. "పూర్తయిన ఇంటి పునాది ఎట్ల పగలగొడతారన్నా? ఇల్లు కాపరానికి పనికిరాదని మా ఇంజినీరమ్మ రాసియ్యాల."

ఇంజినీరు కలైవాణి వచ్చింది. నిజాయితీపరురాలు, మిఠాయి కూడా ముట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తలుపులు గుంజింది, బల్లలెక్కి నిలబడింది, కొక్కేలు ఊడబెరకబోయింది. ఏదో ఒకటి ఊడి చేతికి రావాలని రామసుబ్బు తన పనికి తనే శాపనార్థాలు పెట్టుకుంటూ వెనకే తిరిగాడు. ఏదీ ఊడలేదు.

"నా సర్వీసులో ఇంత గట్టి పని చూడలేదు," అని ఆమె అతనికి దణ్ణం పెట్టింది. ఇన్నేళ్ళలో అతని పనిని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. కట్టడం అరవై ఏళ్ళ కాపరానికి యోగ్యమని రాసి సంతకం చేసింది.

"కొంచం నాసిగా చేసుంటే ఈపాటికి సముద్రంలో ఉండును కదన్నా," అని సరవణకుమార్ నిజంగానే బాధపడ్డాడు.

ఓడకు ఇంటి నంబరు వచ్చింది. బాలచందర్ చుట్టూ ప్రహరీ కట్టించి, గేటు పని కూడా రామసుబ్బుకే ఇచ్చాడు. రామసుబ్బు ఆ గేటుకు బందులు వదులుగా బిగించాడు. తనిఖీలో అది ఊడి కిందపడింది. ఆ గేటును ఎక్కడికైనా తీసుకుపోవచ్చని వారంలో అనుమతి వచ్చింది.