మొహాలు ఉబ్బిన కమిటీ

ఒక పెద్ద అడవిలో ఆయాసం ఆడవాళ్ళకే వచ్చేది. పొగ పొయ్యి దగ్గరికి మగవాళ్ళు వెళ్ళేవారు కాదు మరి.

ఆ అడవి ఆసుపత్రిలో నర్సు ముంగిస గవరమ్మ. ఆమె ఎదుట బెంచీ మీద చూలాలు జింక పైడమ్మ ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. బీరువాలో ఆయాసానికి వాడే రెండు స్టెరాయిడ్లున్నాయి, ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్. ఏది మేలో కమిటీ తీర్మానించేదాకా ఎవరికీ ఏదీ ఇవ్వొద్దని పెద్ద డాక్టరు ఎలుగుబంటి ఉత్తర్వు అంటించాడు.

కమిటీలో ఎలుగుబంటితో కలిపి ఏడుగురూ మగవాళ్ళే. మందుల పరీక్షకి ఆడవాళ్ళు పనికిరారన్నారు. వాళ్ళ ఒంట్లో నెలకో మార్పట, లెక్కలు చెడతాయట. ఆయాసమున్న మగవాడు అడవంతా గాలించినా దొరకలేదు. దాంతో సభ్యులే త్యాగానికి సిద్ధపడ్డారు. నలుగురు ఒక మందు, ముగ్గురు రెండోది మింగడం మొదలుపెట్టారు.

"జబ్బు లేనివాళ్ళు మింగితే ఏం తెలుస్తుందండీ?" అంది గవరమ్మ. "పైగా రెండూ ఒకే మోతాదు వేసుకుంటున్నారు. డెక్సా కొంచెమే చాలు, ఎక్కువసేపు ఉంటుంది కూడా."

"నువ్వు మినిట్సు రాయమ్మా," అన్నాడు ఎలుగుబంటి.

మూడు వారాలు గడిచాయి. సభ్యుల్లో నక్క రోజుకి ఏడుసార్లు భోంచేస్తున్నాడు. గుడ్లగూబకి పగలు కూడా నిద్ర లేదు. అందరి మొహాలూ గుమ్మడికాయలయ్యాయి. అయినా నివేదిక సిద్ధమైంది. ఏ ఒక్క సభ్యుడికీ ఆయాసం రాలేదు గనక రెండు మందులూ అమోఘమని దాని సారాంశం.

తీర్మానం రోజున గేటు దగ్గర వాచ్‌మన్ అడవిదున్న కార్డులు చూశాడు, మొహాలు చూశాడు, కర్ర అడ్డం పెట్టాడు.

"పెద్ద డాక్టర్నిరా," అన్నాడు ఎలుగుబంటి.

"ఫొటోలో ఆయనకి మెడ ఉంది సార్. మీకు లేదు."

లోపల పైడమ్మ మాట కూడా పెగలక గవరమ్మ చెయ్యి పట్టుకుంది. గవరమ్మ గోడ గడియారంలో సమావేశం వేళయిందని చూసి మినిట్సు పుస్తకం తెరిచింది. హాజరు, ఒకరు. వ్యతిరేకించినవారు, లేరు. చూలాలికి ప్రెడ్నిసొలోన్ ఇవ్వాలి, బిడ్డదాకా తక్కువ చేరేది అదే, అని రాసి సంతకం పెట్టి, బిళ్ళలు లెక్కగా ఇచ్చింది.

సాయంత్రానికి పైడమ్మ ఊపిరిలో ఈల తగ్గింది. అప్పుడు గవరమ్మ కిటికీలోంచి కమిటీకి చెప్పింది, "మందు ఒక్కసారిగా మానకండి బాబూ, తగ్గించుకుంటూ రండి. రేపు ఓపీ చీటీ తీసుకుని వరసలో నిలబడండి."

నీతి: ఏ మందు మంచిదో త్వరగా తేలాలంటే కమిటీని గేటు బయట ఉంచాలి.