నూట నలభై నక్కలు

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దదేం కాదులెండి, ఒక ఆఫీసు పెట్టుకునేంత పెద్దది, ఒకే ఒక్క మడుగు ఉండేది. ఎవరికి దాహమేస్తే వాళ్ళొచ్చి తాగిపోయేవారు. ఏ గొడవా లేదు. గొడవ లేకపోతే కార్యదర్శికి పొద్దెలా పోతుంది చెప్పండి?

కార్యదర్శి నక్క. ఒకరోజు సింహం దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, మడుగుకి వచ్చేవాళ్ళెవరో మనకి తెలియడం లేదు" అంది.

"తెలియకపోవడమేమిటయ్యా? ఏనుగొస్తే ఏనుగని కనిపిస్తూనే ఉందిగా!"

"కనిపిస్తోంది ప్రభూ. రుజువేదీ?"

సింహానికి నిజంగానే భయం పట్టుకుంది. మడుగుకి కంచె, గేటు పెట్టాలన్న కాగితం మీద వెంటనే సంతకం పెట్టేసింది.

నక్క గిజిగాణ్ణి పిలిపించింది. గూడు అల్లినంత నేర్పుగా కోడు కూడా అల్లే పిట్ట అది. పదిరోజులు కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, అంటే ఎవరి ఫోన్లోనైనా ఇమిడిపోయే కోడు మూట, రాసింది.

"ఇది ఫోన్లో ఎక్కించుకుంటే, మీ గుర్తింపు కార్డుకి తాళం వేసి గేటు దగ్గర మిషన్‌కి పంపిస్తుంది. మిషన్ తాళం తీసి మీరెవరో చెబుతుంది. మధ్యలో ఎవరూ చూడలేరు" అని సభలో వివరించింది.

"గేటు దగ్గరున్నవాడు నన్ను చూడొచ్చా?" అని జింక అడిగింది.

"చూడొచ్చు. నమ్మకూడదు" అంది నక్క.

ఎలా ఎక్కించుకోవాలో చెప్పడానికి గిజిగాడు చిన్న పుస్తకం కూడా తయారుచేసింది. "నాలుగో మెట్టులో ఉదాహరణ ఇవ్వాలండీ. పేరు దగ్గర ఫలానా జంతువు, రహస్య సంఖ్య దగ్గర 1234 అని పెడతాను."

"ఫలానా ఏమిటి నీ మొహం! నా పేరు పెట్టు. ఇంటింటికీ వెళ్ళే పుస్తకం" అని నక్క కసిరింది. అంతటితో ఆగితే బాగుండేది. అట్టమీద ఎర్రసిరాతో తనే రాసింది: 'ఇందులో ఉన్నది ఉన్నట్టు చేయవలెను. ఒక్క అక్షరం మార్చినా కార్యదర్శి బాధ్యుడు కాడు.'

పాపం, జంతువులు మాట వినే రకం. ఉన్నది ఉన్నట్టే చేశాయి.

మర్నాడు ఏనుగు గేటు దగ్గర ఫోన్ పెట్టింది. మిషన్ 'నక్క' అంది. కాపలా ఎలుగుబంటి ఏనుగుని కిందనుంచి పైదాకా చూసింది. కళ్ళని నమ్మకూడదని ఆర్డరాయె. "రండి నక్కగారూ, ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు" అంటూ గేటు తీసింది.

తర్వాత జింక నక్క, ఉడుత నక్క, చివరికి సింహం కూడా నక్కే. సాయంత్రానికి లోపలికి నూట ముప్ఫైతొమ్మిది నక్కలు వెళ్ళాయి.

చిక్కల్లా తాబేలు అవ్వకే వచ్చింది. ఆమె ఇల్లే ఆ మడుగు. నేరేడుపళ్ళు తినొద్దామని గట్టెక్కి, తిరిగొచ్చేసరికి గేటు. పుస్తకం నిదానంగా చదివి, తన పేరే రాసుకుంది. మిషన్‌కి తెలిసిందల్లా నక్కే, 'ఇలాంటి జంతువు లేదు' అంది.

మూడు రోజులు ఎండలో పడి ఉంది. డిప్ప పెనంలా కాలుతోంది. ఆఫీసుకెళ్తున్న నక్క కాళ్ళకి అడ్డంపడింది. "నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ నేనీ నీళ్ళలోనే ఉన్నాను. నా ముఖం చూసి పంపించు."

"ముఖం చూసి పంపే రోజులు పోయాయి అవ్వా" అని నక్క దాటుకుంటూ వెళ్ళిపోయింది.

ఏనుగుకి జాలేసింది. "నాలుగో మెట్టు ఉన్నదున్నట్టు దింపెయ్ అవ్వా" అంది.

"డెబ్భై ఏళ్ళు తాబేలుగా బతికి, ఇప్పుడు నక్కనవ్వాలా!" అని అవ్వ ఏడ్చింది. ఏడుస్తూనే రాసింది. గేటు తెరుచుకుంది. నీళ్ళలో మునిగాక గానీ ఏడుపు ఆగలేదు.

మర్నాడు నక్క తనిఖీకి వచ్చి, దర్జాగా ఫోన్ పెట్టింది. దానికి ఆఫీసు కుండలోకే నీళ్ళొచ్చేవి, అందుకే ఇన్నాళ్ళూ గేటు ముఖం చూడలేదు. పైగా తనకని ప్రత్యేకంగా నలభై అంకెల రహస్య సంఖ్య పెట్టించుకుంది. మిషన్ కెవ్వున అరిచింది.

"నకిలీ!" అంది ఎలుగుబంటి. "నక్క పేరుమీద నూట నలభై కార్డులు ఒకే సంఖ్య చెబుతున్నాయి. నీదొక్కటే వేరే చెబుతోంది."

"ఒరే, నేనే నక్కనురా! తోక చూడు!"

"తోకలు నమ్మొద్దని నక్కగారి ఆర్డరు."

కుండ కూడా బందైంది. నకిలీవాడికి కొత్త కార్డు కావాలంటే, కార్డున్న నక్క ఒకరు హామీ ఇవ్వాలి. ఆ నిబంధన పెట్టిందీ మన నక్కే. రెండు రోజులు దాహంతో నాలుక బయటపెట్టుకుని, కంచె దగ్గర నిలబడి బతిమాలింది. సింహం నీళ్ళు తాగుతూ, "నక్కలమైన మేమంతా లోపలుంటే, నువ్వెవరయ్యా?" అంది.

చివరికి తాబేలు అవ్వ గట్టుదాకా ఈదుకుంటూ వచ్చింది.

"అవ్వా, నువ్వైనా చెప్పు. నేను నక్కనే కదా?"

అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. "చూస్తే అలాగే ఉన్నావు నాయనా. కానీ ముఖం చూసి పంపే రోజులు పోయాయిగా" అని నీళ్ళలోకి జారిపోయింది.

నీతి: కాగితాలు సరిగ్గా ఉంటే ఎవరైనా నక్క కావచ్చు, ఒక్క నక్క తప్ప.