కాకి పాటకు మూడు పఠనాలు

ఒక పెద్ద అడవిలో, సరిగ్గా ముప్ఫై రెండు రేగుపళ్ళ పెట్టుబడితో, చిటికెం అనే కుర్ర ముంగిస పాటల బృందం పెట్టాడు.

అడవి అంచున రోడ్డు వేసే కుర్రాళ్ళ ఫోన్లో అతను హిప్ హాప్ విన్నాడు. వింటూనే లెక్క కట్టాడు. దరువుకి నాలుగు దెబ్బలు. ఊపిరికి పదహారు మాటలు. రాగం సున్నా. "ఇది మనవాళ్ళు చెయ్యగలిగిందే" అనుకుని ఇరవై పళ్ళు వడ్రంగిపిట్ట దరువయ్యకు బయానా ఇచ్చాడు. మిగిలిన పన్నెండూ పట్టుకుని నీలవేణి అనే కాకి దగ్గరికి వెళ్ళాడు.

నీలవేణి పళ్ళు తీసుకుంది గానీ మాట నమ్మలేదు.

"నేనా? పాటా? తమ్ముడూ, పుట్టినప్పటినుంచీ నేను నోరు తెరిస్తే 'హుష్' అన్నవాళ్ళే గాని 'ఊఁ' అన్నవాళ్ళు లేరు."

"పాడక్కర్లేదు నీలక్కా. కడుపులో ఉన్నది దరువు మీద చెప్పు, చాలు."

కడుపులో చాలానే ఉంది. మొదటి శనివారం నల్లబండ దగ్గర తొమ్మిది మంది విన్నారు. అందులో ముగ్గురు దరువయ్య బంధువులు. రెండోవారం నలభై మంది. అయిదోవారం రెండొందల పది. కొండముచ్చులు కొమ్మలమీద లేచి నిలబడ్డాయి. ముసలి అడవిపంది కూడా తల ఊపింది.

*ఏరు మీది, నీరు మీది, ఒడ్డు మీది, గట్టు మీది,*
*దాహం మాత్రం మాది!*
*గూడు మాది, పొదుగుడు మాది, మేత మాది, మోత మాది,*
*పేరు మాత్రం మీది!*

ఆరోవారం నోటీసు వచ్చింది.

ఆ అడవిలో ఏది కళో, ఏది గోలో తేల్చేది కళా నిర్ధారణ సంఘం. అధ్యక్షులు కోకిల కలకంఠం గారు. పండితులు గుడ్లగూబ గారు. కార్యదర్శి నక్క. హిప్ హాప్ కళ కాదని తేలితే నల్లబండ ఖాళీ చెయ్యాలనీ, నీలవేణి ఇకమీదట నలుగురిలో నోరు విప్పరాదనీ అందులో ఉంది.

నీలవేణి రెక్కలు ముడుచుకు కూర్చుంది. "బండ పోతే పోయింది. మళ్ళీ 'హుష్' రోజులేనట్రా?"

చిటికెం దగ్గర దీనికి లెక్క లేదు. సంఘం నియమావళి తెచ్చుకుని, డెబ్భై మూడు పేజీలూ చదివాడు.

సభ పొద్దున్నే పెట్టారు. గుడ్లగూబ గారికి అది నిద్రవేళ. అయినా కళ కోసం మేలుకున్నారు, ఒక కంటితో.

"పాట అంటే గొంతు," అన్నారు కలకంఠం గారు. "రాగం ఉండాలి, వసంతం ఉండాలి, విన్నవాడికి హాయిగా ఉండాలి. ఇదేమిటి? ఏరంటుంది, దాహమంటుంది, వాటాలడుగుతుంది!"

"అయ్యా, మీకు వసంతమంటే పాట," అంది నీలవేణి. "మాకు వసంతమంటే మా గూట్లో మీ గుడ్లు. తమర్ని పొదిగింది మా అమ్మమ్మేనండి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. నక్క కంగారుగా "వ్యక్తిగత విషయాలు వద్దు" అన్నాడు.

"శాస్త్రంలో దీనికి ఆధారం లేదు," అన్నారు గుడ్లగూబ గారు, మూసిన కంటితో.

"నిషేధిద్దాం!" అన్నారు అధ్యక్షులు.

చిటికెం లేచాడు. "నలభై ఒకటో పేజీ అండీ. నిషేధించబోయే పాటను సభ్యులే నిండు సభలో, ఉన్నది ఉన్నట్టుగా, మూడుసార్లు చదవాలి."

ఆ నియమం పెట్టింది వాళ్ళే. ఒకప్పుడు కప్పల పాటను వినకుండా నిషేధించి, తీరా చూస్తే అది తమ సంఘం ప్రార్థనాగీతమేనని తెలిసి నాలిక్కరుచుకున్నారు.

చదివితే పోయేదేముందని కలకంఠం గారు గొంతు సవరించుకున్నారు. వసంతగానంలా సాగదీసి చదివారు. "ఏ...రు మీ...ది..." రెండు లేళ్ళు నిద్రపోయాయి.

"ఒకటి," అన్నాడు నక్క.

"చెల్లదండీ," అన్నాడు చిటికెం. "ఉన్నది ఉన్నట్టు అంటే దరువుతో సహా."

గుడ్లగూబ గారు రెండో కన్ను తెరిచి పేజీ చూసి, "కుర్రాడు చెప్పింది సబబే" అన్నారు. దరువయ్య మొదలుపెట్టాడు. టక్, టక, టక్, టక్.

అధ్యక్షులు మొదట తడబడ్డారు. రెండో పంక్తికి కాలు దానంతటదే ఆడింది. రెండో పఠనంలో రెక్క లేచింది. మూడోసారి కాకుల వైపు రెక్క చాచి, "గూడు మాది, పొదుగుడు మాది!" అని ఆయన అందుకునేసరికి కాకులన్నీ ఒక్క గొంతుతో "అబద్ధం!" అని అరిచాయి. కొండముచ్చులు ఈలలు వేశాయి. కలకంఠం గారి జన్మలో అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. సభ ముగిసిందని నక్క చెప్పాక కూడా ఆయన నాలుగోసారి చదివారు.

నిషేధానికి పడిన ఓట్లు సున్నా.

చిటికెం, నీలవేణి ఎగిరి గంతేశారు. ఆ గంతు ఒక్క వారమే నిలిచింది.

మరుసటి శనివారానికి గుడ్లగూబ గారు ఆధారం కనుక్కున్నారు. హిప్ హాప్ పరమ ప్రాచీనమట, మూలం తమ తొర్రలోని తాళపత్రాల్లోనే ఉందట. కలకంఠం గారు శిక్షణాలయం తెరిచారు. కోర్సు ఆరేళ్ళు. మొదటి మూడేళ్ళూ మౌన సాధన. నల్లబండకు 'సంప్రదాయ హిప్ హాప్ వేదిక' అని పేరు పెట్టి నీలవేణికి ఘనంగా సన్మానం చేశారు.

చిటికెం వెనక వరసలో కూర్చుని లెక్క రాసుకున్నాడు. వచ్చినవారు ఆరువందల నలభై. ఉపన్యాసాలు పదకొండు. మూడో ఉపన్యాసానికి మిగిలినవారు మూడొందలు. ఏడోదానికి యాభై రెండు. శాలువా బరువుకి నీలవేణి రెక్కలు లేవడం లేదు. చివర్లో ఆమెకు అరనిమిషం ఇచ్చి, "ఆ నీళ్ళ సంగతి వదిలేసి, ఏదైనా వసంతం మీద చెప్పమ్మా" అన్నారు.

నీలవేణి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. శాలువా కిందనుంచి చిటికెం వైపు చూసింది. "ఒరేయ్, 'హుష్' అన్నా నయమే. అప్పుడు కనీసం కోపమొచ్చేది."

చిటికెం ఆమె మీదనుంచి శాలువా లాగేశాడు. ఇద్దరూ వేదిక వెనకనుంచి జారుకున్నారు. తుమ్మచెట్టు కింద ఆగి అతను ఒక మోదుగాకు కోసి, మోకాలి మీద పెట్టుకుని గబగబా రాశాడు. రాసింది పైకి చదివాడు.

"కార్యదర్శి గారికి. నీలవేణి అనే కాకి నిన్న కొత్త పాట కట్టింది. వినడానికి చాలా ఇబ్బందిగా ఉంది. దయచేసి వెంటనే నిషేధించగలరు. ఇట్లు, ఒక కళాభిమాని."

"కొత్త పాట ఎక్కడుందిరా?"

"నక్క గారి గుహకి ఇక్కడినుంచి నాలుగొందల అడుగులు. నేను వెళ్ళొచ్చేలోగా కట్టెయ్ నీలక్కా. ఇబ్బందిగా ఉండాలి, మర్చిపోకు!" అంటూ చిటికెం ఆకు నోట కరుచుకుని పరుగందుకున్నాడు.

నీతి: పాటను చంపాలనుకుంటే నిషేధించవద్దు, శాలువా కప్పండి.