రికార్డు బాబాయ్ రంగుల గుంపులు

ఓయ్, ఫోను మీద బొటనవేలు ఆడిస్తూ "ఇది తర్వాత చదువుదాం" అని పక్కన పెడుతున్న పెద్దమనిషీ, నిన్నే. ఆ "తర్వాత" అనే రోజు ఏ వారంలో వస్తుందో నాక్కూడా చెప్పు, నేనూ సెలవు పెట్టుకుంటాను. చెప్పలేవు. పోనీలే, సిగ్గుపడకు. నిన్ను తలదన్నేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళలో ఒకాయన సంగతి చెబుతాను. దీన్ని మాత్రం తర్వాతకి పెట్టకుండా విను.

అందరికీ తెలియజేయడమేమనగా, లిఫ్టులు అమర్చి, అవి మధ్యలో ఆగినప్పుడు బాగుచేసే ఒక కంపెనీలో క్రమబద్ధత నూటికి నూరుపాళ్ళు సాధించబడింది. సాధించినవాడు ఆ కంపెనీ రికార్డు గది గుమాస్తా. చిన్నా పెద్దా అందరూ ఆయన్ని రికార్డు బాబాయ్ అనేవారు. పదవీ విరమణ వయసు దాటి మూడేళ్ళయినా, ఏటా ఒక పొడిగింపు ఉత్తర్వు వస్తూ ఉండేది, ఆయన కుర్చీలో ఆయన కూర్చుంటూ ఉండేవాడు.

ఆ కుర్చీ ఎంత ముఖ్యమో తెలియాలంటే ఆయన ఇంటికి వెళ్ళాలి. ముందుగదిలో ఆయన భార్య కుట్టుపని నేర్పుతుంది. ఆరు మిషన్లు, పన్నెండుమంది శిష్యురాళ్ళు. ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీ మీదా కత్తిరించిన గుడ్డ, కత్తిరించవలసిన గుడ్డ, తప్పు కత్తిరించిన గుడ్డ. సెలవు రోజున బాబాయ్ వంటగది గడప మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు, ఎవరైనా నీళ్ళకొస్తే లేచి దారిచ్చేవాడు. ఆఫీసు కుర్చీ పోతే ఇంత విశాలమైన భూమ్మీద ఆయన వెన్ను ఆనించడానికి మరో చోటు లేదు.

అలాంటి సమయంలో కొత్త మేనేజరు వచ్చాడు. వచ్చిన మూడో రోజే సిబ్బందినంతా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు.

"మిత్రులారా, కాగితం మన వెన్నెముకను వంచేస్తోంది. మన కంపెనీ మనుషుల్ని పైకి తీసుకెళ్ళే కంపెనీ. కాగితం బరువుతో మనం పైకి వెళ్ళలేం."

ఆ వారంలోనే రికార్డు గదిలోని కాగితాలన్నీ స్కాన్ చేయించి ఆఫీసు వెబ్‌సైటులో పెట్టించారు. అసలు కాగితాలు తూకానికి పోయాయి. ఖాళీ అయిన గదికి "ఆలోచన గది" అని బోర్డు కట్టి, లోపల మెత్తటి బస్తాలాంటి ఆసనం ఒకటి వేశారు. అందులో కూర్చున్నవాడు ఇద్దరు చెయ్యిస్తే తప్ప లేవలేడు. అందువల్ల అక్కడ ఆలోచించినవాళ్ళంతా, ముందుగా ఎలా లేవాలా అనే ఆలోచించారు.

బాబాయ్‌ని పిలిచి మేనేజరు మర్యాదగానే చెప్పాడు. నెలాఖరులోగా కంప్యూటరు కాలానికి పనికొస్తానని రుజువు చేసుకుంటే పొడిగింపు, లేకపోతే పూలదండ. బాబాయ్‌కి పూలంటే పడదు, తుమ్ములొస్తాయి.

చెబుతూ చెబుతూ మేనేజరు తన కంప్యూటరు వైపు దిగులుగా చూశాడు. బాబాయ్ కూడా చూశాడు. బ్రౌజరులో మూడు వందల నలభై ట్యాబులు తెరిచి ఉన్నాయి. ఒక్కో ట్యాబు ఆవగింజంత సన్నబడి, ఏది ఏమిటో పైవాడికైనా తెలియకుండా ఉంది. కంప్యూటరు పిండిమరలా రొద చేస్తోంది. ఒక్కటి మూద్దామంటే మేనేజరు గుండె పట్టుకుంటాడు, అన్నీ ముఖ్యమైనవే, చాలావరకు ఆఫీసు వెబ్‌సైటులోని పత్రాలే. వాటిలో వాతావరణం పేజీ ఇరవై ఆరు చోట్ల ఉంది. "ఎక్కువ ట్యాబులు తెరిచి ఉంచడం వల్ల నష్టాలు" అనే వ్యాసం తొమ్మిది చోట్ల ఉంది.

బాబాయ్ కళ్ళు మెరిశాయి. చిందరవందరగా ఉన్నదాన్ని సర్దడమే కదా, ముప్పై ఏళ్ళుగా తను చేసింది అదే.

కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుతున్న మరదలి దగ్గరికి అదే సాయంత్రం పరిగెత్తాడు. ఆవిడ నోట్లో స్క్రూడ్రైవరు పెట్టుకుని, ఎవరిదో ల్యాప్‌టాప్ పొట్ట విప్పుతూ, బావ గోడు సాంతం విన్నది. బ్రౌజరుకు తగిలించే యాడ్-ఆన్ ఒకటుందని చెప్పింది. తెరిచి ఉన్న ట్యాబులన్నిటినీ అది మూసేసి, వాటి లింకుల్ని బుక్‌మార్కులుగా దాచి, రంగుల గుంపులుగా సర్దుతుంది. వాడే విధానం చూపించి, చివర్న ఒక మాట అంది.

"బావా, ఒకటి గుర్తుపెట్టుకో. ఇందులో నువ్వు దాచేది కాగితం కాదు, కాగితం ఉండే ఇంటి అడ్రసు. అక్కడ ఇల్లు పడగొట్టేస్తే నీ అడ్రసు పెట్టుకుని వీధిలో నిలబడాలి."

"నాకా చెబుతున్నావు? నువ్వు పలక మీద గీతలు గీసే రోజుల నుంచీ నేను ఫైళ్ళకి చీటీలు రాస్తున్నాను."

"అందుకే చెబుతున్నా" అని ఆవిడ మళ్ళీ స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుంది.

ఆ మాటకు అర్థం బాబాయ్ చెవి దాకా వచ్చి, తలుపు వేసి ఉండడం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. పాపం ఆయన తప్పేముంది? రికార్డు గదిలో చీటీ, ఫైలూ ఒకే నాలుగు గోడల మధ్య ఉండేవి. చీటీ దొరికిందంటే ఫైలు దొరికినట్టే. లింకు కూడా అంతే అనుకున్నాడు. దాచాను కాబట్టి ఉంది.

మర్నాటి నుంచి మహాయజ్ఞం మొదలైంది. లిఫ్టుల మాన్యువళ్ళకు నీలం, ఫిర్యాదులకు పసుపు, ఉత్తర్వులకు ఆకుపచ్చ, అత్యవసరాలకు ఎరుపు. ఏ రంగు ఇవ్వాలో తేలనివాటికి బూడిద రంగు. బూడిద రంగు గుంపు పెరిగిపోతే అందులో లేత బూడిద, ముదురు బూడిద. ప్రతి గుంపు కిందా ఉపగుంపులు, ఉపగుంపుల కింద "ఇచ్చట లేనిచో పసుపు, రెండవ ఉపగుంపు చూడుడు" అని సూచనలు. మూడు వందల నలభై ట్యాబులు పోయి మేనేజరు తెర మీద ఒక్క ట్యాబు మిగిలింది. కంప్యూటరు రొద ఆగింది. చాలాకాలం తర్వాత గోడ గడియారం చప్పుడు విని మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఇక చూడు, ప్రతి విభాగం నుంచీ బాబాయ్ దగ్గర వరస. కొనుగోళ్ళవాళ్ళు నూట ఎనభై ట్యాబులతో వచ్చారు. ఫిర్యాదులవాళ్ళు రెండు వందల పది తెచ్చి కాలరు ఎగరేశారు. పదకొండే ఉన్న ఒక పెద్దాయన పరువు పోతుందని ముందురోజు కూర్చుని ఇంకో తొంభై తెరుచుకుని మరీ వచ్చాడు. సర్దినవాటిని ఎవరైనా మళ్ళీ తెరిచారా అని అడక్కు. సర్దినదాన్ని తెరిస్తే చెదిరిపోతుంది.

ఆనందం పట్టలేక మేనేజరు ఒక సర్క్యులరు జారీ చేశాడు. ఒకే పత్రం రెండు చోట్ల ఉండడం క్రమశిక్షణారాహిత్యం కనుక, బాబాయ్ గుంపుల్లో చేరిన ప్రతి పత్రాన్నీ ఆ సాయంత్రమే ఆఫీసు వెబ్‌సైటు నుంచి తొలగించవలెను. ఆ సర్క్యులరు ముసాయిదా రాసిపెట్టింది బాబాయే. చక్కటి భాష అని అందరూ మెచ్చుకున్నారు. పది రోజుల్లో వెబ్‌సైటు అద్దంలా శుభ్రపడింది.

అప్పుడు వచ్చాడు తనిఖీ అధికారి. పత్రాల నిర్వహణ బాగున్న సంస్థలకు సర్టిఫికెట్ ఇచ్చే పెద్దమనిషి. ఆయన ఔనంటే బాబాయ్‌కి పొడిగింపు ఖాయమని మేనేజరు ముందే మాటిచ్చాడు. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి అంతస్తులో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మేనేజరు అధికారిని వెంటబెట్టుకుని పై అంతస్తు చూపిద్దామని లిఫ్టు ఎక్కించాడు. లిఫ్టు రెండో అంతస్తు దాటింది. మూడో అంతస్తు చేరలేదు.

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో లిఫ్టు ఆగడం మామూలే, దీన్ని పెద్దది చేయవలసిన పని లేదు. మేనేజరు కూడా నిబ్బరంగానే లోపలి నుంచి బాబాయ్‌కి ఫోను చేశాడు. మన భవనం లిఫ్టు మాన్యువల్ తీసి, చేత్తో కిందికి దించే పద్ధతి చదివి వినిపించమన్నాడు. తనిఖీ అధికారి కర్తవ్యపరుడు. ఇరుక్కున్న చోటే చేతి గడియారం చూసి సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నీలం గుంపు, రెండో ఉపగుంపు, "స్వంత భవనము". బాబాయ్ వేలు తడబడలేదు.

"దొరికింది సార్" అన్నాడు.

"నాలుగు సెకన్లు" అని ఫోనులో అధికారి గొంతు వినిపించింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు, లిఫ్టు కొంచెం ఊగింది.

బాబాయ్ లింకు నొక్కాడు. "మీరు కోరిన పేజీ ఇక్కడ లేదు" అని తెర మీద వచ్చింది. పక్కది నొక్కాడు. అదే. పసుపు గుంపులోది, ఎరుపులోది, ముదురు బూడిదలోది. అన్నిట్లోనూ అదే వాక్యం, ఒకే రాతలో. అప్పుడు, అంత ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయినప్పుడు, మరదలి మాట ఆయన చెవి తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

ఆయన చేష్టలుడిగి కూర్చున్నంతలోనే లిఫ్టు కిందికి దిగింది. దించినవాడు గ్రీజు మామ అని అందరూ పిలిచే ముసలి మెకానిక్కు. ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి పైకెళ్ళి, బ్రేకు వదులుచేసి, చక్రం చేత్తో తిప్పి దించేశాడు. మాన్యువల్ లేకుండా ఎలా చేశావయ్యా అని బాబాయ్ గొంతు తగ్గించి అడిగాడు.

"అందులో ఏం రాసుంటుందో నాకేం తెలుసు బాబాయ్? చదివి చేసేవాణ్ణయితే ఈపాటికి మేనేజర్ని అయ్యి లోపల ఇరుక్కునేవాణ్ణి" అన్నాడు గ్రీజు మామ.

అధికారి కంప్యూటరు దగ్గరికొచ్చి తెర మీద వాక్యాన్ని స్వయంగా చదివాడు. ఇక అయిపోయింది, పూలదండే, అనుకున్నాడు బాబాయ్. అప్పుడే ముక్కు దురద పెట్టింది. అధికారి కళ్ళజోడు సవరించుకుని నివేదిక రాశాడు. "పత్రము ఉండవలసిన స్థానము నాలుగు సెకన్లలో లభించినది. పత్రము లేదన్న సంగతి అయిదవ సెకనులో తేలినది. ఇతర సంస్థలలో ఈ సంగతి తేలుటకు సగటున మూడు వారములు పట్టుచున్నది. అత్యుత్తమము."

పత్రాలే లేవు కదా అని ఎవరో గొణిగితే మేనేజరు వెంటనే సర్దిచెప్పాడు. "మన బాబాయ్ గారి బాధ్యత క్రమం. ఉనికి కాదు."

బాబాయ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మరదలికి కథంతా చెప్పి, ఊరందరినీ బోల్తా కొట్టించానని తొడ చరుచుకున్నాడు. ఆవిడ ఇంకో ముద్ద కలుపుకుంది.

మర్నాడు సభ జరిగింది. మేనేజరు పొడిగింపు ఉత్తర్వును ఆఫీసు వెబ్‌సైటులో పెట్టి, అక్కడి నుంచే గట్టిగా చదివి వినిపించాడు. ఈసారి ఒకటి కాదు, ఏకంగా రెండేళ్ళు. చప్పట్లు మోగుతుండగానే బాబాయ్ తన చేత్తో ఆ ఉత్తర్వును ఆకుపచ్చ గుంపులో మొట్టమొదటి స్థానంలో చేర్చుకున్నాడు. నియమం నియమమే కాబట్టి, సాయంత్రం అయిదు గంటలకు వెబ్‌సైటువాళ్ళు అసలును తొలగించారు.

ఒకటో తారీకున గేటు దగ్గర వేలిముద్ర మిషను ఆయన వేలిని గుర్తుపట్టలేదు. సిబ్బంది విభాగం మేడం దగ్గరికి వెళ్ళాడు. పొడిగింపు ఉత్తర్వు చూపిస్తే నమోదు చేసేస్తానంది ఆవిడ. బాబాయ్ నాలుగు సెకన్లలో చూపించాడు. అయిదో సెకనులో ఇద్దరూ ఆ వాక్యం చదివారు.

"నువ్వు సభలో ఉన్నావు కదమ్మా, విన్నావు కదా" అన్నాడు బాబాయ్.

"విన్నాను బాబాయ్, చప్పట్లు కూడా కొట్టాను. విన్నది ఎక్కడ అతికించను?"

మేనేజరు దగ్గరికి పరిగెత్తాడు. ఇంకొక్కసారి ఆ ఉత్తర్వు ఇప్పించమని బతిమాలాడు. మేనేజరు నిజంగానే బాధపడ్డాడు. ఒకే పత్రం రెండు చోట్ల ఉండడం క్రమశిక్షణారాహిత్యమని, ఆ వాక్యం బాబాయ్ రాసిందేనని గుర్తుచేసి, అంత మంచి నియమాన్ని దాని కర్త కోసమే ఉల్లంఘిస్తే కర్తకే అవమానమన్నాడు. పూలదండ వేశారు. బాబాయ్ పదకొండుసార్లు తుమ్మాడు.

ఇంటికొచ్చేసరికి క్లాసు నడుస్తోంది. భార్య ఆయన మొహం చూసింది, దండ చూసింది. ఆరో మిషను పక్కన ఒక ముక్కాలి పీట వేసి, గంపెడు గుండీలు ముందు పెట్టింది. రంగులవారీగా సర్దమంది.

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. గంటలో పద్నాలుగు డబ్బాలు, పద్నాలుగు చీటీలు, గుండ్రటి అక్షరాలు. శిష్యురాళ్ళు మిషన్లు ఆపి మరీ మెచ్చుకున్నారు. భార్య మాత్రం ఒక్కో డబ్బా మూత తీసి, వేలు పెట్టి కెలికి, లోపలికి చూడడం మొదలుపెట్టింది. ఎరుపు అని రాసిన డబ్బాలో ఏమీ లేదు.

"ఎర్ర గుండీలు ఏవండీ?"

"గంపలో లేవే. వరస దెబ్బతినకూడదని డబ్బా పెట్టాను" అని, ఆయన కాస్త నొచ్చుకున్నాడు. "చీటీ రాశాను కదా, మళ్ళీ మూత తీసి చూడడం ఎందుకు? ముప్పై ఏళ్ళలో ఒక్కరూ చూడలేదు."

భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా చెప్పింది.

"వాళ్ళకేం, నేను కుట్టాలి కదండీ."